పులీ, కుక్కా, పుల్లారావూ

"మీ దుకాణంలో ఉండేది చీరలండీ. మడతపెట్టి పోతే సాయంత్రందాకా ఆ మడతలోనే పడుంటాయి. నా గ్రూపులో ఉండేది మనుషులు. వాళ్ళను మడతపెట్టి యాడ పెట్టేది?" అంది విశాలాక్షి.

"పెళ్ళిళ్ళ రోజులు విశాలా. ఇప్పుడు ఒక్కపూట తలుపులేస్తే జనం ఎదురు దుకాణం మెట్లెక్కుతారు. ఎక్కినోళ్ళు మళ్ళా దిగరు," అన్నాడు పుల్లారావు.

"నా గ్రూపు ఒకసారి మూసినారంటే మళ్ళా తెరవరు."

"మూస్తే మూయనీ. నీ నడుంనొప్పన్నా తగ్గుతుంది."

ఈ వాదన పొద్దున కాఫీ దగ్గర మొదలైంది. ఉప్మా దగ్గర కాసేపు ఆగి, స్నానాల గది తలుపుకు అటూ ఇటూ కొంత నడిచి, ఇప్పుడు వసారాలోకి వచ్చింది. వసారాలో పుల్లారావు తల్లి శ్రీశైలమ్మ మంచి చీర కట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెకు చూపు మసకబారి చాలాకాలమైంది. ఒంగోలు కంటి ఆసుపత్రిలో ఆరోజు రమ్మన్నారు. మార్కాపురం నుంచి ఆమెను కొడుకు తీసుకుపోవాలా, కోడలు తీసుకుపోవాలా అన్నది తేలడం లేదు.

"మీరు తేల్చుకునేలోపల నాకు రెండు కళ్ళూ పోతాయిలే. అప్పుడు ఒంగోలు పొయ్యే పనే ఉండదు," అంది శ్రీశైలమ్మ, ఎవరి వైపూ చూడకుండా.

విశాలాక్షి ఊళ్ళో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతుంది. ఎండాకాలం సెలవులు కాబట్టి ఆమెకు పనేమీ లేదని ఇంట్లో అందరి నమ్మకం. కానీ ఏడాది పొడవునా సెలవన్నది లేని ఉద్యోగం ఆమెకు ఇంకొకటి ఉంది. కర్నూలులో రిటైరైన ప్రొఫెసర్ సీతారత్నం గారు, ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్న కాలం నుంచీ ఈ చుట్టుపక్కల శాసనాలు వెతుక్కుంటూ తిరిగిన మనిషి, 'పడమటి సీమ చరిత్ర' అని ఒక ఈమెయిల్ చర్చా గ్రూపు పెట్టారు. రిటైరైన పంతుళ్ళు, తాసిల్దార్లు, పరిశోధన విద్యార్థులు, గుళ్ళ చరిత్ర రాసేవాళ్ళు అందులో సభ్యులు. దాన్ని మర్యాదగా, విషయం దాటకుండా నడిపే మోడరేటర్ పని ప్రొఫెసర్ గారు విశాలాక్షికి అప్పగించారు.

ఆమె ఆ పని మహా పట్టుదలగా చేసింది. పండగ శుభాకాంక్షలు పంపేవాళ్ళను ఆపింది. రాశిఫలాలు పంపేవాళ్ళను ఆపింది. శాసనాల మధ్యలో మునగాకు రసం గుణాలు రాసిన ఒక పెద్దాయనకు నెమ్మదిగా నచ్చచెప్పి, ఆయన కాకరకాయ రసానికి మారితే మళ్ళీ నచ్చచెప్పింది. ఊళ్ళో ఆమె చీరల పుల్లారావు గారి ఇంటావిడ. కాలేజీలో హిస్టరీ మేడం. ఆ గ్రూపులో ఒక్కచోటే ఆమె విశాలాక్షి. కర్నూలు వాళ్ళకూ, నంద్యాల వాళ్ళకూ, చూడనైనా చూడని ఊళ్ళవాళ్ళకూ ఆ పేరు తెలుసు. అందుకే అది మూతపడుతుందన్న మాట వింటే ఆమెకు అన్నం సహించదు.

ఆ ప్రమాదం తెచ్చిపెట్టింది ఒక రాయి. హనుమంతునిపాడు వైపు ఒక చేలో పాతకాలపు వీరగల్లు ఉంది. ఎవరో వీరుడు చనిపోతే ఆయన గుర్తుగా నిలిపిన రాయి. దాని మీద బల్లెం పట్టుకున్న మనిషి, ఆయన మోకాళ్ళ దగ్గర ఒక జంతువు. ఎవరో ఆ ఫోటో గ్రూపులో పెట్టారు. గిద్దలూరులో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టర్ నాగభూషణం గారు ఆ జంతువు పులి అన్నారు. కురిచేడులో ఉండే రిటైర్డ్ తాసిల్దార్ బ్రహ్మానందం గారు కుక్క అన్నారు. మొదట్లో ఇద్దరూ ఆధారాలు చూపించుకున్నారు. ఆధారాలు అయిపోయాక ఒకరి ఉద్యోగాలు ఒకరు చూపించుకున్నారు. పిల్లల చేత ఎక్కాలు చదివించినవారు రాళ్ళు చదవబోతే ఇట్లాగే ఉంటుందని బ్రహ్మానందం గారు రాశారు. చేనిగట్లు కొలిచే గొలుసుతో చరిత్రను కొలవలేరని నాగభూషణం గారు రాశారు.

అప్పుడు కర్నూలు నుంచి మెయిల్ వచ్చింది. "విశాలాక్షీ, నేను పెట్టింది చర్చా వేదిక. కోళ్ళ పందెం కాదు. ఇంకొక్క అమర్యాద మాట నా కంటపడితే గ్రూపు మూసేస్తాను. మనసు కష్టపెట్టుకోవద్దు."

ఆరోజు నుంచి ఎవరు ఏది రాసినా ముందు తన దగ్గరికి వచ్చి, తాను సరేనన్నాకే అందరికీ పోయేట్టు విశాలాక్షి ఏర్పాటు చేసింది. పొయ్యి మీద పాలు పెట్టిన మనిషిలా కంప్యూటర్ ముందు నుంచి కదలడం లేదు. ఆమె చేతిలో ఉన్నది మాట్లాడటానికి తప్ప మెయిళ్ళు చూడటానికి పనికిరాని ఫోను. ఒంగోలు పోయి వచ్చేసరికి రోజంతా పడుతుంది. అన్ని గంటలు ఆ ఇద్దరి మెయిళ్ళూ ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంటే, వాళ్ళు ఊరుకోక నేరుగా ప్రొఫెసర్ గారికే రాస్తారు.

శ్రీశైలమ్మ సంచీ పట్టుకుని లేచింది. "నేనే పోతాలే. కళ్ళు కనపడకపోయినా నోరుంది గదా, అడుక్కుంటా పోతా."

విశాలాక్షి ఒక నిమిషం ఆలోచించింది. "సరే. అత్తను నేను తీసుకపోతా. గ్రూపు మీరు చూడాల."

"నేనా?"

"మీరే. దుకాణంలో బిల్లుల కంప్యూటర్ ఉంది గదా. ఉమ తెరిచి పెడుతుంది. వచ్చిన మెయిల్ చదవండి. మర్యాదగా ఉందా, విషయం మీద ఉందా, అంతే చూడండి. ఉంటే పచ్చ బటన్. లేకుంటే ఎర్ర బటన్. మీరు చరిత్ర చెప్పబన్లేదు."

"నాకు చరిత్ర ఏమొస్తుందని చెప్తా?"

"అదే నా ధైర్యం."

డిగ్రీ చదివే కూతురు ఉమ లోపలి నుంచి తల బయటపెట్టింది. "అమ్మా, నాయన చేతిలో పెడుతున్నావా?"

"మర్యాద విషయంలో మీ నాయనకు వంక పెట్టేవాళ్ళు ఈ బజారులోనే లేరు," అంది విశాలాక్షి చెప్పులు వేసుకుంటూ.

అది నిజమే. చిక్కంతా అక్కడి నుంచే వచ్చింది.

పుల్లారావు దుకాణానికి ఒక పద్ధతి ఉంది. వాళ్ళ తాత కాలం నుంచీ గల్లా ముందు 'లేదు' అన్న మాట అనరు. సరుకు అయిపోతే 'నిండుకుంది' అంటారు. అడిగిన రంగు రాకపోతే 'దారిలో ఉంది' అంటారు. మెట్లెక్కి వచ్చిన మనిషిని కాదనడం, ముఖం చిన్నబుచ్చి పంపడం ఆ దుకాణంలో ఎప్పుడూ జరగలేదు. తోడికోడళ్ళిద్దరు వచ్చి చెరొక చీరా పట్టుకుని ఏది బాగుందని అడిగితే, పుల్లారావు పెద్దామెను పక్కకు పిలిచి "మీదేనమ్మా" అంటాడు. చిన్నామెను పక్కకు పిలిచి అదే మాట అంటాడు. ఇద్దరూ సంతోషంగా ఒకే బస్సెక్కి పోతారు.

ఉమ గ్రూపు తెరిచి పెట్టి వెళ్ళిన కాసేపటికే నాగభూషణం గారి మెయిల్ వచ్చింది. "బ్రహ్మానందం గారు పులిని కుక్క అంటున్నారు. ఇది చరిత్రకు సంబంధించిన లోపం కాదు, దృష్టికి సంబంధించినది. తగిన వైద్యుణ్ణి చూడవలసిందిగా మనవి."

పుల్లారావు రెండుసార్లు చదివాడు. 'గారు' ఉంది. 'మనవి' ఉంది. కంటి డాక్టరు దగ్గరికి పొమ్మనడంలో తప్పేముందో అతనికి అంతుబట్టలేదు. తన తల్లి ఆ పనిమీదే పోయింది. అయినా ఎందుకైనా మంచిదని ఎర్ర బటన్ నొక్కాడు. వెంటనే ఒక గడి తెరుచుకుంది. పంపినవారికి కారణం తెలియజేయమని అందులో ఉంది.

పుల్లారావు చెయ్యి ఆగింది. పెద్దమనిషి ఏదో ఆశపడి పంపాడు. వద్దని తిప్పి పంపుతూ ఒక మంచి మాటైనా చెప్పకపోతే ఎట్లా? బిల్లుల మీద తెలుగులో పేర్లు కొట్టడం అతనికి అలవాటే. కూర్చుని రాశాడు.

"అన్నా, నమస్కారం. మీరు చెప్పింది అక్షరాలా నిజం. అది పులే. చూసిన కళ్ళకు ఇంకోటి కనపడదు. ఈ ఒక్క ముక్క మాత్రం ఈ పూటకు పక్కన పెట్టినా. వేరే రకంగా రాసి పంపండి, అందరికన్నా ముందు మీదే పెడతా. మనసులో ఏమీ పెట్టుకోవద్దు."

రాశాక అతనికి హాయిగా అనిపించింది. ఇంతలో ఎవరో పట్టుచీరలు చూపించమంటే చూపించి వచ్చాడు. వచ్చేసరికి బ్రహ్మానందం గారి మెయిల్ సిద్ధంగా ఉంది. "హెడ్మాస్టరు గారికి నాలుగు కాళ్ళున్న ప్రతిదీ పులిలా కనపడటం వారి పిరికితనాన్ని తెలుపుతుంది. ఆ రాతి మీద తోక చుట్ట చుట్టుకుని ఉంది. తోక అట్లా చుట్టేది కుక్క. ఇది మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు."

ఎర్ర బటన్. మళ్ళీ గడి.

పుల్లారావు మేనత్తను కురిచేడులో ఇచ్చారు. ఆ వరసన కురిచేడు మగవాళ్ళంతా, ఏ కులమైనా ఏ వీధైనా, అతనికి బావలే. అక్కడి నుంచి మిరపకాయలు అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళనూ అట్లాగే పిలుస్తాడు, వాళ్ళూ పలుకుతారు.

"బావా, బాగుండారా? మీరు కోప్పడితే నాకు ఇక్కడ చెయ్యాడటం లేదు. మీరు అన్నదే నిజం, అది కుక్కే. ఈ సంగతి మన ఇద్దరి మధ్యనే ఉండనీయండి, పైకి చెప్పొద్దు. ఒకసారి మార్కాపురం దుకాణానికి రండి. తీరుబడిగా కూర్చుని మాట్లాడుకుందాం. మీకు నచ్చేవన్నీ చూపిస్తా."

రెండు ఉత్తరాల కిందా కంప్యూటర్ తనంతట తానే 'ఇట్లు, విశాలాక్షి' అని చేర్చుకుంది. పుల్లారావు అది చూశాడు కానీ పట్టించుకోలేదు. అతని దుకాణం బిల్లుల మీద ఇప్పటికీ వాళ్ళ తాత పేరే ఉంటుంది.

మధ్యాహ్నానికి గ్రూపు వికసించింది. నాగభూషణం గారు రాశారు: "నా వాదనను అంగీకరించిన మోడరేటర్ విశాలాక్షి గారికి కృతజ్ఞతలు. ఆ జంతువు పులి అని తేలిపోయినట్టే." మర్యాద ఉంది. విషయం మీదే ఉంది. పుల్లారావు పచ్చ బటన్ నొక్కాడు. అది చూసి బ్రహ్మానందం గారు రాశారు: "మోడరేటర్ గారు అది కుక్క అని నాకు స్వయంగా రాశారు. నాగభూషణం గారికి ఏదో పొరపాటు సమాచారం చేరినట్టుంది. వారికి నా సానుభూతి." సానుభూతి కన్నా మర్యాద ఏముంటుంది? పచ్చ బటన్.

అంతవరకు మాట్లాడని సభ్యులందరూ అప్పుడు లేచారు. నంద్యాల నుంచి ఒకరు, పులి అన్న విశాలాక్షి గారూ కుక్క అన్న విశాలాక్షి గారూ ఒక్కరేనా అని వినయంగా అడిగారు. తర్లుపాడు నుంచి ఒకరు, రాయికి రెండువైపులా బొమ్మలున్నాయేమో పరిశీలించాలని సూచించారు. కాకరకాయ పెద్దాయన కూడా మొదటిసారి విషయం మీదకు వచ్చి, పులికీ కుక్కకూ పళ్ళలో ఉండే తేడా గురించి రాశారు. ఒక్క తిట్టు లేదు. పుల్లారావు చీరల మధ్యలో లేచి వచ్చి పచ్చ బటన్లు నొక్కుతున్నాడు. ఇంత సులువైన పనికి భార్య ఇన్నాళ్ళు నడుం ఎందుకు పోగొట్టుకుందో అతనికి అర్థం కాలేదు.

కురిచేడులో మాత్రం గాలి వేరే విధంగా వీచింది. బ్రహ్మానందం గారు మధ్యాహ్నం భోంచేసి పడుకున్నప్పుడు ఆయన భార్య రమణమ్మ కంప్యూటర్ తుడుస్తూ, తెరిచి ఉన్న ఉత్తరం చదివింది. 'బావా' దగ్గర ఆగింది. 'చెయ్యాడటం లేదు' దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. 'మన ఇద్దరి మధ్యనే' దాకా వచ్చి భర్తను లేపింది.

"ఎవరు ఈ విశాలాక్షి?"

"మోడరేటర్," అన్నారు ఆయన నిద్రమత్తులో.

"అంటే ఏం చేస్తాది?"

"అందర్నీ మర్యాదలో ఉంచుతుంది."

"ఎట్ల ఉంచుతుందో నేనూ చూస్తా. లెయ్యి, చొక్కా ఏసుకో."

గిద్దలూరులో నాగభూషణం గారు కూడా అప్పుడే చొక్కా వేసుకుంటున్నారు. మోడరేటర్ గారినే ఎదురుగా అడిగి తేల్చుకుందామని, తనకు వచ్చిన ఉత్తరాన్ని అచ్చు తీయించి జేబులో పెట్టుకున్నారు. గిద్దలూరు పడమర, కురిచేడు తూర్పు. మార్కాపురం రోడ్డు స్టేషన్ మధ్యలో. ఆ సాయంత్రం రెండు వైపుల నుంచీ రెండు రైళ్ళు ఆ స్టేషన్‌కు బయలుదేరాయి.

ఒంగోలులో శ్రీశైలమ్మ కళ్ళలో మందు వేసి కూర్చోబెట్టిన సమయానికి విశాలాక్షి ఫోను మోగింది.

"విశాలాక్షీ, సీతారత్నాన్ని. నువ్వు ఆరోగ్యంగా ఉన్నావు కదా?"

"ఉన్నానండీ."

"ఒకే రోజు ఒకే జంతువును పులి అనీ కుక్క అనీ ధ్రువీకరించావట. ఇద్దరూ నీ పేరే చెబుతున్నారు. ఇంట్లో పనుల్లో పడ్డాను, మెయిళ్ళన్నీ ఇంకా చదవలేదు. ఇప్పుడు చదువుతాను. సాయంత్రం ఫోన్ చేస్తా. అప్పటికి ఆ జంతువు ఒక్కటే కావాలి."

విశాలాక్షి వెంటనే దుకాణానికి ఫోన్ చేసింది.

"ఏం రాసినారండీ మీరు?"

"ఏమీ రాయలా. మంచీచెడ్డా అడిగినా. అందరూ ఎంత సంతోషంగా ఉండారో నువ్వు చూడాల," అన్నాడు పుల్లారావు. "కొంచెం ఆగు, పెళ్ళివాళ్ళు వచ్చినారు." ఫోను పెట్టేశాడు.

"ఎవరమ్మా, కర్నూలా?" అంది శ్రీశైలమ్మ కళ్ళు మూసుకునే. "పులి చచ్చిందా, కుక్క చచ్చిందా?"

"నేను చచ్చినా అత్తా."

తిరుగు బస్సులో విశాలాక్షి పొదిలి దాటేవరకు ఏం చెప్పాలో ఆలోచించింది. కంప్యూటర్ పాడైందంటే అబద్ధం. భర్త రాశాడంటే నిజమే, కానీ నమ్మి అప్పగించిన పనిని చీరల గల్లా మీద పెట్టిపోయినట్టు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మోడరేటర్ పని పోతుంది. ఒప్పుకోకపోతే గ్రూపే పోతుంది. పొదిలి దాటాక ఆమె ఆలోచించడం మానేసింది. నిజం చెప్పాలి, ఇద్దరికీ క్షమాపణ రాయాలి, గ్రూపును మాత్రం మూయనివ్వకూడదు. పక్క సీటులో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న శ్రీశైలమ్మ, కోడలి పిడికిలి తన చీర కొంగును నలిపేస్తున్నా ఏమీ అనలేదు.

బస్సు దిగి నేరుగా దుకాణానికే పోయారు. లోపల తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద ఒక కొసన నాగభూషణం గారు, రెండో కొసన బ్రహ్మానందం గారు, ఒకరికొకరు వీపులు చూపిస్తూ కూర్చున్నారు. ఇద్దరి ముందూ తాగని సోడాలు ఉన్నాయి. మధ్యలో రమణమ్మ. ఆమె చుట్టూ పుల్లారావు చీరలు విప్పి పోస్తున్నాడు. ఆమె ఒక్కదాన్నీ చూడటం లేదు.

"రా తల్లీ, నీకోసమే కూచున్నా," అంది రమణమ్మ విశాలాక్షిని చూసి. "మా ఆయన నీకు ఏ వరసన బావ?"

రమణమ్మ అచ్చు తీయించి తెచ్చిన ఉత్తరం విశాలాక్షి చేతికిచ్చింది. విశాలాక్షి చదివింది. 'మీకు నచ్చేవన్నీ చూపిస్తా' దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తి భర్త వైపు చూసింది.

"ఏమండీ."

"మా మేనత్తది కురిచేడే గదా. ఆ ఊరోళ్ళను బావ అనకుండా ఇంకేమనేది?" అన్నాడు పుల్లారావు.

రమణమ్మ మెడ అతని వైపు తిరిగింది.

"ఇది రాసింది నువ్వా?" అంది రమణమ్మ.

"నేనే అక్కా. బావ భార్యవు నాకు అక్కవే గదా."

"మీ మేనత్తది ఏ ఇల్లు?"

"రైలుగేటు కాడ, నాగయ్య శెట్టి ఇల్లు."

"అయ్యో, మా ఎనకింటోళ్ళే గదా!" రమణమ్మ ముఖం విచ్చుకుంది. "ఆ మాట ముందే రాసుంటే ఈ రైలు ఖర్చు తప్పేది. సరే తమ్ముడూ, ఆ నెమలి రంగుది ఒకసారి ఇట్లియ్యి." ఇంటికి వచ్చిన అక్కను చీర పెట్టకుండా పంపడం ఉండదని ఆమెకూ తెలుసు, పుల్లారావుకూ తెలుసు.

ఆ సమయంలో బ్రహ్మానందం గారి ముఖంలో కొంచెం నిరాశ కనపడిందని శ్రీశైలమ్మ తర్వాత అందరికీ చెప్పింది. మందు దిగక అప్పటికి ఆమెకు ఎదురుగా ఉన్న గోడ కూడా కనపడటం లేదు.

ఇంతలో నాగభూషణం గారు ఇటు తిరిగారు. "అంటే తాసిల్దారు గారూ, మనిద్దరికీ ఒకే బేరం చెప్పినాడు ఈయన."

బ్రహ్మానందం గారూ ఇటు తిరిగారు. "మనిద్దర్నీ మోసం చేసినారు హెడ్మాస్టరు గారూ."

"చేసినారు."

చర్చ మొదలయ్యాక ఆ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదలు. ఆ ఐకమత్యంతోనే విశాలాక్షి వైపు తిరిగారు.

"ఆయన సంగతి వదిలెయ్యండి. అమ్మా, మోడరేటర్ మీరు. మీరేమంటారు?"

"పులా?"

"కుక్కా?"

"రెండు వాదనల్లోనూ బలం ఉందండీ," అంది విశాలాక్షి. ఎన్నో ఏళ్ళుగా ఎన్నో మెయిళ్ళలో రాసిన వాక్యం. ఆలోచించకుండానే నోటికి వచ్చింది. వచ్చాక, పక్కనే ఒక పెళ్ళికూతురి తల్లితో పుల్లారావు "మీదేనమ్మా బాగుండేది" అంటున్న మాట కూడా వినపడింది. ఆమె ఒక క్షణం భర్త వైపు చూసింది. తర్వాత చేతిలోని ఉత్తరాన్ని మడిచి చీరల మీద పెట్టింది.

"అది పొట్టేలు," అంది.

"ఏంది?"

"పొట్టేలండీ. మొన్న వానాకాలం నేను పోయి చూసినా. రాయి మీద నీళ్ళు పోసి, పొద్దు వాలేదాకా కూచుని చూసినా. మీరు చుట్ట చుట్టుకున్న తోక అంటున్నది కొమ్ము. హెడ్మాస్టరు గారూ, మీరు తెరిచిన నోరు అంటున్నది రాయి పెచ్చు ఊడిన చోటు. అది కొట్లాటకు వచ్చిన జంతువు కాదు. ఆయన ప్రాణం పెట్టి కాపాడిన జంతువు. మీరిద్దరూ ఇన్నాళ్ళూ దాన్ని ఎనకనుంచి చూస్తుండారు."

ఇద్దరు పెద్దమనుషులూ ఒకేసారి సోడాలు అందుకున్నారు.

"అమ్మా, మీరు మోడరేటర్," అన్నారు నాగభూషణం గారు చివరికి. "మీరు ఇట్ల మాట్లాడగూడదు."

"ఆడవాళ్ళకు అన్నీ గొర్రెలూ మేకలే కనపడతాయి," అన్నారు బ్రహ్మానందం గారు.

"ఆ రాయి కాడికి ఎప్పుడన్నా పోయినారా మీరు?" విశాలాక్షి గొంతు లేచింది. పెళ్ళివాళ్ళు చీరలు వదిలేసి ఇటు తిరిగారు. "పోయినారా అని అడుగుతుండా! ఇద్దరిలో ఒక్కరన్నా పోలేదు. ఫోటో చూసి పేజీలు పేజీలు రాసినారు. అచ్చు తప్పుల్లేకుండా ఒకర్నొకరు తిట్టుకున్నారు. మీ తిట్లన్నీ చదివి, ఏరి, కడిగి పెట్టింది నేను!"

"గొంతు తగ్గించండమ్మా!"

"తగ్గించను!"

అప్పుడు ఫోను మోగింది. కర్నూలు. విశాలాక్షి కళ్ళు మూసుకుని తీసింది.

"విశాలాక్షీ, మెయిళ్ళన్నీ ఇప్పుడే చదివాను," అంది సీతారత్నం గారి గొంతు. "గ్రూపు పెట్టిన ఇన్నేళ్ళలో ఇంత మర్యాదగా, ఇంత విషయం మీద చర్చ జరిగిన రోజు లేదు. నోరు విప్పని వాళ్ళందరూ విప్పారు. కాకరకాయ ఆయన పళ్ళ గురించి రాసింది చదివావా? చక్కగా ఉంది. ఇందాక కోప్పడ్డాను కానీ, ఇద్దరినీ ఒప్పించి అందరినీ మాట్లాడించడానికే నువ్వు అట్లా చేశావని ఇప్పుడు అర్థమైంది. గ్రూపు మూయను. ఇదే పద్ధతిలో నడుపు."

"మేడం, అది నేను..."

"వినయం తర్వాత. ఏమిటా కేకలు?"

"చర్చ అండీ," అంది విశాలాక్షి. "ఒక్క నిమిషం నా మాట వినండి. ముందు నిజం చెప్పాల."

ఫోను చెవిన పెట్టుకుని దుకాణం మెట్ల మీదకు పోయింది. బయట నిలబడి చాలాసేపు మాట్లాడింది. లోపల హెడ్మాస్టరు గారూ తాసిల్దారు గారూ ఒకే కాగితం మీదికి వంగి, పొట్టేలు కాదని నిరూపించడానికి ఏయే ఆధారాలు పనికొస్తాయో కలిసి రాసుకుంటున్నారు. రాత్రి రైళ్ళకు స్టేషన్‌కు ఒకే ఆటోలో పోయారు. రమణమ్మ నెమలి రంగు చీర సంచీలో పెట్టుకుని ఆటోలో ముందు కూర్చుంది.

ఆ రాత్రి భోజనాలకు కూర్చున్నారు. శ్రీశైలమ్మకు చూపు కొంచెం తిరిగి వచ్చి, వంకాయ కూరలో ఏముందో తనే చూసుకుంటోంది. ఉమ తల్లి ముఖం, తండ్రి ముఖం మార్చి మార్చి చూస్తోంది. విశాలాక్షి అందరికీ వడ్డించి, తనూ పళ్ళెం ముందు కూర్చుంది.

"ఒక మాట చెప్తా, అందరూ వినండి," అంది నెమ్మదిగా. "ప్రొఫెసర్ గారికి జరిగింది జరిగినట్టు చెప్పినా. నవ్వినారు. నేను మోడరేటర్ పని వదిలేసినా. రేపటినుంచి ఈయన చూస్తారు. దానికి ఆమె కూడా సరే అన్నారు."

పుల్లారావు చేతిలో ముద్ద ఆగింది. "నేనా? పెళ్ళిళ్ళ రోజులు..."

"దుకాణంలో కూచునే చెయ్యొచ్చని మీరు ఈరోజు చూపించినారు గదా. ఈసారి మీ పేరుతో రాయండి. అన్నలంటారో బావలంటారో మీ ఇష్టం. ఏది పులో ఏది కుక్కో మాత్రం చెప్పొద్దు."

"మరి నువ్వు?" అంది శ్రీశైలమ్మ.

"నేను ఉత్త సభ్యురాలిని అత్తా. వాళ్ళను మర్యాదలో పెట్టి పెట్టి, నేను చెప్పాల్సింది ఒక్కనాడూ చెప్పలా. నాకు చెప్పేది చాలా ఉంది."

పుల్లారావు గొంతు సవరించుకున్నాడు.

"ఒకవేళ, ఊరికే అడుగుతుండా, నీ మెయిల్లో మర్యాద తక్కువైతే?"

"ఎర్ర బటన్ ఉంది గదా," అంది విశాలాక్షి అతని పళ్ళెంలో కూర వేస్తూ. "నొక్కి చూడండి."

పుల్లారావు పెరుగన్నం దాకా ఆగకుండా చెయ్యి కడుక్కున్నాడు.